మదరసా ముంగిట దానిమ్మ

దివ్యఖుర్ఆన్‌లో దానిమ్మ ప్రస్తావన మూడు చోట్ల వస్తుంది. అల్ అన్ఆమ్ సూరాలో రెండుసార్లు, అర్ రహ్మాన్ సూరాలోని స్వర్గవనాల వర్ణనలో ఒకసారి. అల్ అన్ఆమ్ 141వ ఆయతులో ఖర్జూరం, పైరు, ఆలివ్‌లతో పాటు దానిమ్మను పేర్కొన్న అల్లాహ్, కాపు వచ్చినప్పుడు తినమనీ, కోత రోజునే దాని హక్కు చెల్లించమనీ ఆదేశించి, ఆ వెంటనే మితిమీరవద్దని హెచ్చరించాడు. ఈ ఆయతును పాతికేళ్లుగా బోధిస్తూనే ఉన్నాము. దానిమ్మ దగ్గర మితిమీరడమంటే ఏమిటో మాత్రం మా మదరసా ముంగిట ఉన్న ఒక చెట్టు వల్ల ఆలస్యంగా తెలిసివచ్చింది.

రాయలసీమలోని మా పట్టణంలో నీటికి ఎప్పుడూ కటకటే. వుజూ చేసిన నీరు మురుగు కాల్వలోకి పోవడం చూసి మనసు చివుక్కుమనేది. వుజూ చేసిన నీటితో మళ్లీ వుజూ చెల్లకపోయినా, అది శుభ్రమైన నీరే. సబ్బు కలవని ఆ నీరు మొక్కకు నిరపాయకరం. అందుకే కుళాయిల వరుస చివర రెండడుగుల లోతు గొయ్యి తవ్వించి, చివికిన పశువుల ఎరువు, ఇసుక కలిపిన మట్టితో నింపి, ఒక భగవా రకం దానిమ్మ అంటు నాటాము. వుజూ నీరంతా ఆ పాదులోకే మళ్లించాము. మొక్క నాటిన ముస్లిముకు, దాని నుంచి మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా సదఖా పుణ్యం లభిస్తుందన్న ప్రవక్త (స) శుభవార్త మా మనసులో ఉంది.

మూడేళ్లు గడిచాయి. చెట్టు ఏపుగా పెరిగింది. మొదట్లోనే డజను పిలకలు లేచి పొదలా అయింది. ఎర్రని పూలు విరగబూసేవి. వారం తిరిగేసరికి నేలంతా రాలిపడేవి. నిలిచిన ఒకటి రెండు కాయలు పండకముందే పగిలిపోయేవి. క్రమంగా ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. కమిటీ సమావేశంలో ఒక పెద్దమనిషి, ఆ చెట్టు తీయించి ద్విచక్ర వాహనాలకు రేకుల షెడ్డు వేయిద్దామన్నారు. మా దగ్గర జవాబు లేదు. ఒక్క కాపు వరకు గడువు అడిగాము.

ఆ రోజుల్లోనే అనంతపురం వైపు నుంచి ఒక రైతు తన కుమారుణ్ణి చూడడానికి వచ్చారు. దానిమ్మ తోట నడిపి, ఆకుల మీదా కాయల మీదా నూనె మరకల్లా వ్యాపించే మచ్చ తెగులుకు సగం తోట పోగొట్టుకున్న మనిషి. జుహర్ నమాజు అయ్యాక చెట్టు మొదట్లో కూర్చుని, వేలితో మట్టి తవ్వి, వాసన చూశారు.

“హజ్రత్, రోజుకు ఎంతమంది వుజూ చేస్తారిక్కడ?”

“నలభై మంది పిల్లలు, అయిదు పూటలు.”

“వరిమడి చేశారు దీన్ని. వేరుకు ఊపిరి ఆడడం లేదు.”

ప్రవక్త (స) ఒక ‘ముద్’ నీటితో వుజూ చేసేవారని హదీసు. కొలతల్లో కొంత భేదమున్నా అది లీటరు దరిదాపుల్లోనిదే. మా పిల్లలు కుళాయి విప్పి ఒక్కొక్కరు ఎన్ని లీటర్లు పారబోస్తున్నారో ఎన్నడూ లెక్క చూసుకోలేదు. వృథాను అరికట్టామని సంతోషించాము; నిజానికి వృథా ఆగలేదు, అది చెట్టు వేరుకు చేరింది.

ఆయన చెప్పినవి పాఠకులకూ పనికివస్తాయి. దానిమ్మ పొడి వాతావరణపు చెట్టు. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. రెండంగుళాల లోతున మట్టి పొడిబారాకే నీరివ్వాలి. బాగా ఎండబెట్టి ఒక్కసారిగా తడిపితే లోపలి గింజలు ఉబ్బి తొక్క పగులుతుంది. కాయ ఉన్నన్నాళ్లూ తడి ఒకే తీరుగా ఉండాలి. మూడు నాలుగు బలమైన కాండాలు ఉంచి, తక్కిన పిలకలను మొదలంటా తీసివేయాలి. కొమ్మల చివరలన్నీ కత్తిరించరాదు, పూత చాలావరకు అక్కడే వస్తుంది. ఇక పూలు రాలడం గురించి మేము పడిన దిగులులో సగం అజ్ఞానమే. దానిమ్మలో రెండు రకాల పూలుంటాయి. అడుగు భాగం కూజాలా ఉబ్బినది కాయ అవుతుంది. గంటలా సన్నగా ఉన్నది మగపువ్వు, అది రాలడమే దాని ధర్మం. (రేకులు ముద్దగా ఉండే పూల దానిమ్మ వేరు. నర్సరీలో అడిగి తీసుకోకపోతే జీవితాంతం పూలే చూడవలసివస్తుంది.)

అన్నిటికంటే కష్టమైన సలహా ఒకటుంది. డిసెంబరులో నీరు పూర్తిగా ఆపమన్నారు. తోటల రైతులు దీనిని ‘బహార్’ పట్టడం అంటారట. మన ఉర్దూ మాటే. మట్టిని బట్టి మూడు నుంచి ఐదు వారాలు ఎండగడితే ఆకు రాలుతుంది. తరువాత ఎరువు వేసి, నెమ్మదిగా నీరిస్తే చిగురూ పూతా ఒకేసారి వస్తాయి. లేత మొక్కలకు, కుండీలలోని వాటికి ఇది తగదు.

కాల్వను తోట గోడ వెంబడి ఉన్న వేపచెట్ల వైపు మళ్లించాము. రెండు వారాలకే ఆకులు వేలాడబడ్డాయి. దాహంతో అలమటించే కుక్కకు నీరు పట్టిన మనిషిని అల్లాహ్ క్షమించాడన్న హదీసును పిల్లలకు నేర్పిన నోటితోనే, ఈ చెట్టుకు నీరు పోయవద్దని చెప్పవలసివచ్చింది. ఒక తెల్లవారుజామున తహజ్జుద్‌కు లేచి వెళితే, హిఫ్జ్ తరగతి పిల్లవాడొకడు లోటాతో చెట్టు మొదట నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి లోటా వెనక్కి దాచాడు. “పాపం, ఎండిపోతోంది హజ్రత్” అన్నాడు. మేము కోప్పడలేదు. వాడి లోటా నీటితో ఆ చెట్టుకు వచ్చే నష్టమేమీ లేదు.

జనవరి నెలాఖరుకు మోడులా నిలిచిన చెట్టుకు ఎరువు, వేపపిండి వేసి నీరిచ్చాము. ఫిబ్రవరిలో పూత వచ్చింది. కాయలు నిమ్మకాయంత కాగానే పాత కుర్తాల గుడ్డతో సంచులు కుట్టి తొడిగించాము. ఒక సీతాకోకచిలుక పూల మీద, పిందెల మీద గుడ్లు పెడుతుంది, పురుగు కాయను తొలిచి లోపల చేరుతుంది. సంచి దానికి తేలికైన అడ్డు. రంధ్రం పడిన కాయను చెట్టు మీద ఉంచరాదు. దానిమ్మ కోశాక ముగ్గే పండు కాదు కాబట్టి, పిల్లలు ఎంత తొందరపెట్టినా ఆగాము. పూత నుంచి పండుకు దాదాపు ఆరు నెలలు పట్టింది.

మొత్తం 31 పండ్లు. అవి ఎవరివి అన్న ప్రశ్న వచ్చింది. నేల వక్ఫ్‌ది, అంటు మదరసా డబ్బుతో కొన్నది. కనుక పండు కూడా మదరసాదే. ఉపాధ్యాయులమైనా ఉచితంగా తినే హక్కు లేదని తేల్చుకుని, బజారు ధర కట్టి రెండు పండ్లు మేము తీసుకున్నాము. తక్కినవి పిల్లల దస్తర్‌ఖాన్ మీదికి వెళ్లాయి. ప్రతి దానిమ్మలో స్వర్గపు గింజ ఒకటి ఉంటుందని ఒకడు అడ్డుకట్ట లేకుండా చెబుతుంటే, హదీసు విద్వాంసులు ఆ ఉల్లేఖనాన్ని ప్రామాణికంగా అంగీకరించలేదని వివరించాము. అయినా ఒక్క గింజ కింద పడితే ముగ్గురు వంగి వెతికారు.

షెడ్డు మాట కమిటీలో మళ్లీ రాలేదు, పూర్తిగా పోలేదు కూడా. ముందుజాగ్రత్తగా ఈ వర్షాకాలంలో పెన్సిలు మందపు కొమ్మలు తొమ్మిది కత్తిరించి ఇసుక మట్టిలో గుచ్చాము. ఏడు చిగురించాయి. మొదటిది లోటా పట్టుకున్న పిల్లవాడు సెలవులకు వాళ్ల ఊరికి తీసుకువెళ్లాడు.