కవాటము మార్చుకొని ఇల్లు చేరినవారు

గుండె కవాటమునకు శస్త్రచికిత్స జరిగి ఇల్లు చేరిన రోగిని గూర్చి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల గ్రామపెద్దలతో నేడు కొంత ముచ్చటింపదలచితిని. నేను వైద్యుడను గాను. ముప్పదియైదేండ్లు బడిపంతులుగా జీవించినవాడను. అయినను నా గుండెలో ఒక కృత్రిమ కవాటము కొట్టుకొనుచున్నది గనుక ఈ విషయమున కొంత అనుభవము కలదు. అనుభవమునకు అందనిది వైద్యులనడిగి తెలిసికొంటిని.

పెద్దలతోనే ఏల చెప్పవలెనన్నచో, హైదరాబాదులోని వైద్యుడు రోగిని చూచునది పదిదినములో, పదునైదు దినములో. ఆమీద ఏమి తినవలెను, ఎప్పుడు లేవవలెను, ఎవరి మందు మ్రింగవలెను అను నిర్ణయమంతయు మన యింటి అరుగుమీద కూర్చున్న పెద్దలదే. శస్త్రచికిత్స చక్కగా జరిగియు ఇల్లు చేరిన పిమ్మట ప్రాణాపాయము వచ్చుట కలదు. ఆ యపాయములలో పెక్కు తప్పింపదగినవి.

మొదట కవాటమనగా నేమో చూతము. కవాటమనగా తలుపు. గుండెలో నాలుగు గదులు, నాలుగు తలుపులు కలవు. చెరువు తూమువద్ద నీరు ఒకవైపునకే పారునట్లు, ఈ తలుపులు నెత్తురును ఒకవైపునకే పోనిచ్చి వెనుకకు రానీయవు. దినమునకు సుమారు లక్షసారులు ఇవి తెరచుకొని మూసికొనుచుండును. బృహదారణ్యకోపనిషత్తున హృదయ శబ్దమును మూడక్షరములుగా విడదీసి, తెచ్చుట, ఇచ్చుట, పోవుట అను మూడర్థములు చూపిరి. ఋషులు నెత్తురు ప్రవాహమును తలచి చెప్పిరని నేననను. అట్లు లాగి చెప్పుట పండితులకొక వ్యసనము. మాట మాత్రము చక్కగా అమరినది.

ఈ తలుపులు చెడుటకు వార్ధక్యము ఒక కారణము. అప్పుడు వానిపై సున్నపుగార పేరుకొని బిగుసుకొనును. మన పల్లెలలో రెండవ కారణము బలమైనది. అయిదేండ్లనుండి పదునైదేండ్లలోపు పిల్లలకు ఒకజాతి సూక్ష్మజీవివలన గొంతునొప్పి వచ్చును. దానిని లక్ష్యపెట్టక విడిచినచో, కొందరికి రెండు మూడు వారములకు జ్వరము వచ్చి, నేడు మోకాలు, రేపు మోచేయి అన్నట్లు కీళ్లు వాచును. దానినే కీళ్లవాతపు జ్వరమందురు. కీళ్లవాపు మానిపోవును గాని గుండె తలుపు లోలోపల మచ్చపడి, ఇరువది ముప్పది యేండ్లకు ఇరుకైపోవును, లేదా మూతపడక కారును. ఇరుకు ఇండ్లలో పలువురు కలిసి నిదురించుచోట ఈ గొంతునొప్పి ఒకరినుండి యొకరికి త్వరగా ప్రాకును. బీడీలు చుట్టుచు ఆయాసమును “పని ఎక్కువైనది” అని సరిపెట్టుకొను స్త్రీలలోను, సాంచెలవద్ద నిలువలేక కూలబడు యువకులలోను ఈ వ్యాధి దాగియుండవచ్చును.

మార్చిన కవాటములు రెండు తెఱగులు. ఎద్దు గుండెపొరతోనో, పంది కవాటముతోనో చేసినది మొదటిది. అది పదిపదునైదేండ్లో, కొందరికి అంతకు మించియో పనిచేసి అరిగిపోవును. రెండవది లోహాదులతో చేసిన యంత్రకవాటము. అది దీర్ఘకాలము మన్నును గాని నెత్తురు దానిపై గడ్డకట్టకుండ జీవితాంతము మందు మ్రింగవలెను. అమెరికాలో స్టార్, ఎడ్వర్డ్స్ అనువారు 1960లో ఇట్టి కవాటమును మానవునకు అమర్చిరి. మన దేశమున తిరువనంతపురములోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో వలియత్తాన్ గారి నాయకత్వమున రూపొందిన చిత్ర కవాటమును 1990 డిసెంబరు 6వ తేదీన మొదటిసారి రోగికి అమర్చిరి. విదేశపు కవాటము కొనలేని బీదవారికి అది ప్రాణాధారమైనది. నాకు అమర్చినదియు యంత్రకవాటమే. రాత్రి నిశ్శబ్దమున దాని చప్పుడు వినబడును. నా మనుమడు చెవి ఆనించి, “తాతా, నీ లోపట గడియారమున్నదే!” అనెను. ఆ చప్పుడు రోగికి మొదట నిదురపట్టనీయదు; పిదప జోలపాటయగును.

ఇక ఇల్లు చేరిన పిమ్మటి సంగతి. పెద్ద శస్త్రచికిత్సలో రొమ్ము ఎముకను నిలువున కోసి, పని ముగియగానే ఉక్కుతీగలతో కట్టుదురు. విరిగిన కాలివలెనే ఈ యెముకయు అతుకుకొనుటకు ఆరునుండి పండ్రెండు వారములు పట్టును. కాలికి కట్టు కనబడును గనుక ఎల్లరు జాగ్రత్తపడుదురు. చొక్కా క్రింది యెముక యెవరికిని కనబడదు. నులకమంచము నడుమ క్రుంగియుండును. రోగి లేవబోవగా కొడుకు ఒకవైపు, అల్లుడు ఒకవైపు చంకలలో చేతులు పెట్టి పైకి లాగుదురు. అది ప్రేమయే కాని, ఆ లాగుడు అతుకుమీద పడును. రోగి ప్రక్కకు ఒత్తిగిల్లి, కాళ్లు క్రిందికి వేలాడవేసి, తొడల బలముతో లేవవలెను. తోడున్నవారు వీపునకు చేయి ఆనించిన చాలును. గట్టి మంచము, ఎత్తైన కుర్చీ మేలు. దగ్గునపుడు చిన్న దిండును రొమ్మునకు హత్తుకొనవలెను. గొంతుకూర్చుండి ముక్కుటకంటె కుర్చీవంటి మరుగుదొడ్డి కొన్నాళ్లు వాడుట మంచిది. నీళ్లబిందె, ఎరువుబస్తా, మనుమరాలు, వీనిలో దేనిని ఎత్తరాదు. నాలుగయిదు కిలోలకు మించినది ఏదైనను బరువే. మోటారుసైకిలు నడుపుట, చేదతో నీరు తోడుట, మడక పట్టుట మూడునెలలవరకు వలదు. సిరిసిల్లలో నా పూర్వశిష్యుడొకడు, కవాటము మార్చుకొని వచ్చిన నెలకే, “సారూ, ఆసామి పిలుస్తున్నడు, సాంచెకాడికి పోవచ్చునా?” అని అడిగెను. పూట గడుపుటకు కూలి కావలసినవానికి ఓర్పునుగూర్చి ఉపన్యసించుట సులభము. అతని కులపువారు నలుగురు చేరి మూడునెలల బియ్యము సమకూర్చిరి. అది ఏ వైద్యుడు వ్రాయలేని మందు.

అట్లని మంచమునకే అతుకుకొని యుండరాదు. మొదట ఇంటిముందర అయిదు నిమిషములు, దినమునకు మూడు నాలుగు మారులు నడువవలెను. వారము వారము కొంచెము పెంచుచు, నెల గడచి పదిదినములగునప్పటికి అరగంట నడువగలిగినచో చాలును. మాటలాడుచు నడువగలుగుటయే కొలత. మాట తెగునంత ఆయాసము వచ్చెనా, నిలువవలెను.

పథ్యము గూర్చి పెద్దలతో నాకు కొంత తగవు కలదు. పథమునుండి తొలగనిది పథ్యమని వ్యుత్పత్తి. మన యిండ్లలోనో, తినకుండుటయే పథ్యమైనది. నేను వచ్చిన మరునాడే మా మేనత్త, “పప్పు పెట్టకుండ్రి, చీము పడుతది, వంకాయ ముట్టనియ్యకుండ్రి” అని ఆజ్ఞాపించెను. పుండు మానుటకు మాంసకృత్తులు కావలెను. అవి పప్పులో, పాలలో, గ్రుడ్డులో కలవు. పప్పు మాన్పించి చారునీళ్లతో నెలరోజులుంచినచో గాయము మానదు, బలము రాదు. చీము సూక్ష్మజీవులవలన పట్టును గాని కందిపప్పువలన పట్టదు. నిజముగ తగ్గింపవలసినది ఉప్పు. దినమునకు చిన్నచెంచాడు, అనగా అయిదు గ్రాములు మించరాదు. మన తొక్కులు, అప్పడములు, ఎండుచేపలు అన్నియు ఆ లెక్కలోనివే. ఉప్పు హెచ్చినచో నీరు నిలిచి, పాదములు వాచి, గుండెకు భారమగును. కల్లు సంగతి అడుగువారు కలరు. మానుటయే నా మాట. అది రేపు చెప్పబోవు మందుతో వైరము పూనును. రేపటి వరకేల, ఇప్పుడే చెప్పెదను.

ఆ మందు చరిత్రము పశువులు పెంచువారందరు వినదగినది. 1920 ప్రాంతమున కెనడాలోను, ఉత్తర అమెరికా మైదానములలోను పశువులు చిన్నగాయమునకే నెత్తురు కారి చచ్చుచుండెను. బూజుపట్టిన ఒక తీపి గడ్డిని మేసినవానికే ఈ రోగము వచ్చుచున్నదని స్కోఫీల్డ్ అను పశువైద్యుడు కనిపెట్టెను. 1933 ఫిబ్రవరిలో ఒక రైతు, మంచుతుపానులో సుమారు 300 కిలోమీటర్లు ప్రయాణించి, చచ్చిన పెయ్యను, గడ్డకట్టని నెత్తురు నింపిన పాలడబ్బాను, ఆ గడ్డిమోపును విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున కారల్ లింక్ అను శాస్త్రజ్ఞుని ముందుంచెను. ఏండ్లకొలది శ్రమించి లింక్ బృందము ఆ గడ్డిలోని విషమును వేరుచేసెను. దానినుండి పుట్టిన వార్ఫరిన్ 1948లో ఎలుకలమందుగా అంగడికెక్కి, 1954లో మనుష్యులకు ఔషధమైనది. మన వైద్యులు దానినిగాని, అదే జాతికి చెందిన అసినోకుమరాల్‌నుగాని వ్రాయుదురు. విషమే మోతాదెరిగి వాడిన ఔషధమగునని మన వైద్యశాస్త్రమునకు క్రొత్తమాట కాదు.

ఈ మందు తక్కువైనచో కవాటముపై నెత్తురు గడ్డకట్టును. ఆ గడ్డ తెగి మెదడునకు పోయినచో పక్షవాతము. ఎక్కువైనచో లోపల నెత్తురు కారును. నడుమ దారి మిక్కిలి సన్నము. అందుకొరకే ఐ.ఎన్.ఆర్. అను నెత్తురు పరీక్ష. మందు మ్రింగనివానికి ఆ సంఖ్య 1. నావలె ద్విపత్ర కవాటమునకు యంత్రమమర్చినవానికి సాధారణముగ 2.5 నుండి 3.5 వరకు ఉండవలెను. రోగి రోగికి ఆ హద్దు మారును. మొదటి వారములలో తరచుగను, కుదురుకొన్న పిదప నెలకొకసారియు పరీక్షింపవలెను. ఆకుకూరలలోని విటమిన్ కె ఈ మందునకు ఎదురు నడచును. పుంటికూర, పాలకూర, తోటకూర, మునగాకు మానుకొమ్మని చెప్పుట తొందరపాటు. వారమునకు ఎంత తినుట అలవాటో అంతే ఎల్లప్పుడు తినవలెను. శ్రావణమున ఒక్క వారము రెండుపూటల ఆకుకూరయే తిని, పిదప నెలంతయు మానినచో పరీక్షలోని సంఖ్య ఊగిసలాడును. కల్లు, సారాయివలనను ఆ సంఖ్య అటు నిటు తూగును.

మందు ప్రతిదినము ఒకే వేళకు మ్రింగవలెను. వేములవాడలో శివరాత్రి జాగరణయైనను, ధర్మపురిలో ఏకాదశియైనను గుక్కెడు నీటితో గోలీ మ్రింగుటవలన వ్రతభంగము కాదని, శాస్త్రము కొంత చదివినవాడనై ధైర్యముగ చెప్పుచున్నాను. రోగికి మన ధర్మశాస్త్రమే సడలింపు నిచ్చినది. ఒకనాడు మరచినచో అదే దినమున తోచినప్పుడు మ్రింగవలెను. మరునాడు రెండు కలిపి మ్రింగరాదు.

నడుము నొచ్చినదని ఊరి వైద్యునివద్ద సూది వేయించుకొనుట మనకు అలవాటు. యంత్రకవాటము కలవానికి కండలో సూది వేసినచో అచ్చట నెత్తురు కూడి గడ్డయగును. నొప్పిగోలీలలో అనేకములు ఈ మందుతో కలిసి కడుపులో నెత్తురు కార్చును. శస్త్రవైద్యుడు వ్రాయని గోలీ, పసరు, చూర్ణము ఏదియు ఆయనకు చెప్పక ముట్టరాదు. నేను ఆయుర్వేదమును గౌరవించువాడను. కాని రెండు మందులు ఒకదానినొకటి ఎరుగకుండ ఒకే కడుపులో పోరాడుట గౌరవము కాదు. పన్ను పీకించుకొనుటకు ముందు కవాటము సంగతి దంతవైద్యునికి చెప్పి, సూక్ష్మజీవనాశకమును మ్రింగవలెను. లేనిచో నోటిలోని సూక్ష్మజీవులు కవాటమునంటి ప్రాణము తీయగలవు. కీళ్లవాతపు జ్వరమువలన కవాటము చెడినవారు, కవాటము మార్చిన పిమ్మటను, మూడు నాలుగు వారములకొకసారి వేయు పెనిసిలిన్ సూదిని వైద్యుడు చెప్పినంతకాలము మానరాదు. నెత్తురు పలుచనచేయు మందు సంగతి ముందే చెప్పి, ఆ సూదిని ఎట్లు వేయవలెనో ఆయననే అడుగవలెను.

మరియొక సంగతి. ఇల్లు చేరిన రోగి కారణములేక ఏడ్చును, విసుగుకొనును, రాత్రి నిదురపోడు, అన్నము రుచింపదు, మాటలు మరచును. పెద్ద శస్త్రచికిత్స పిమ్మట ఇట్లగుట సామాన్యము. పెక్కుమందికి కొన్ని వారములలో తగ్గును. “గాలి సోకినది” అని తాయెత్తుకై త్రిప్పుట వలదు. తగ్గనిచో వైద్యునికి చెప్పవలెను. ఊరంతయు ఒకేదినమున పలుకరింప వచ్చుటయు రోగికి శ్రమ. జలుబు, జ్వరము కలవారు గడపలోనికి రాకుండ చూచుట ఆ యింటి పెద్దకు తగును. రోగి తాను ఆ మాట అనలేడు.

ఏ లక్షణములు కనబడిన తడయరాదో వినుడు. మూతి వంకరపోవుట, ఒక చేయి చచ్చుబడుట, మాట తడబడుట, పడుకొనిన ఊపిరాడకుండుట, మలము నల్లగ వచ్చుట, ముక్కునుండి నెత్తురు ఆగకుండుట, చలితో జ్వరము, గాయమునుండి స్రావము, ఎముక కదలి టక్కుమనుట, రెండుమూడు దినములలో రెండు కిలోల బరువు పెరుగుట, నిత్యము వినబడు కవాటపు చప్పుడు మందగించుట. వీనిలో మొదటి నాలుగింటికిని, నెత్తురు ఆగనప్పుడును, చప్పుడు మారినప్పుడును వెంటనే 108ను పిలువవలెను. తక్కినవానికి ఆనాడే వైద్యుని చూడవలెను. జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి గనుక ప్రతిదానికి హైదరాబాదు పరుగెత్తవలసిన దినములు కొంత తగ్గినవి. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ క్రింద కవాట చికిత్సయు జరుగును. దాని పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచిరి. పిదపటి పరీక్షలకు, మందులకు ఏమి లభించునో ఇల్లు చేరకముందే ఆరోగ్యమిత్రను అడిగి తెలిసికొనవలెను.

యంత్రకవాటము కల ఆడుబిడ్డ యింట ఉన్నచో పెద్దలు దాచరానిది ఒకటి కలదు. వార్ఫరిన్ గర్భమందలి శిశువునకు హాని చేయవచ్చును. తనంతట మందు మానినచో తల్లి ప్రాణమునకే ముప్పు. గర్భము ధరించుటకు ముందే గుండెవైద్యుని, కాన్పువైద్యురాలిని కలిసి మందు మార్పును నిర్ణయించుకొనవలెను. సంబంధము తప్పిపోవునని కవాటము సంగతి అత్తవారికి తెలుపక పెండ్లిచేసిన పక్షమున, ఆ పిల్ల గోలీలను దాచి మ్రింగవలసివచ్చును, పరీక్షకు పోలేదు.

కోరుట్ల, జగిత్యాల ప్రాంతములనుండి గల్ఫుదేశములకు పోవు యువకులకును ఇదే చిక్కు. పనికి అనర్హుడందురేమోయని చీటీలు ఇంట విడిచిపోవుదురు. వారి తండ్రులతో నా మనవి యిది: కవాటము పేరు, మందు మోతాదు, కడపటి పరీక్షలోని సంఖ్య వ్రాసిన చీటి అంగీజేబులో ఉండవలెను, రెండుమాసముల గోలీలు విమానమున చేతిసంచిలోనే ఉండవలెను, అచ్చట నెత్తురు పరీక్ష ఏ వైద్యశాలలో జరుగునో ఆ యూరిలోని మనవారిద్వారా బయలుదేరకముందే విచారింపవలెను. అట్టి యేర్పాటు కుదరనిచో ఆ యేడు ప్రయాణము మానుకొనుటయే మేలు.