జేడీలో రాసింది, బ్యాంకులో చేసింది

మూడో సంవత్సరం అయిపోగానే వేసవిలో రెండు నెలలు ఒక బ్యాంకులో ఇంటర్న్‌షిప్ చేశాను. జాబ్ డిస్క్రిప్షన్‌లో నాలుగు ముక్కలు ఉన్నాయి: వేగంగా సాగే వాతావరణం, డేటా విశ్లేషణ, ఆటోమేషన్, వివిధ విభాగాలతో సమన్వయం. అది చదివి, మెషిన్ లెర్నింగ్ మీద పని చేయబోతున్నానని ఇంట్లో కూడా గొప్పగా చెప్పేశాను. ఇప్పుడు జూనియర్లు అడుగుతున్నారు కాబట్టి, ఆ నాలుగు ముక్కలకీ నాకు తెలిసిన అర్థం రాస్తున్నా.

వేగంగా సాగే వాతావరణం: మొదటి తొమ్మిది రోజులు నాకు సిస్టమ్ యాక్సెసే రాలేదు. అక్కడ ఉన్నది జనాల డబ్బు లెక్క. అందుకే ఒక్కో సాఫ్ట్‌వేర్‌కీ ఒక్కో అనుమతి కావాలి. పెన్‌డ్రైవ్ పనిచేయదు, పైథాన్ వేసుకోవాలన్నా అడగాల్సిందే. ఆ తొమ్మిది రోజులూ ఆర్‌బీఐ సర్క్యులర్లు చదువుతూ కూర్చున్నా.

డేటా విశ్లేషణ: అసలు పని పేరు రీకన్సిలియేషన్. మనం యూపీఐలో డబ్బు పంపితే ఆ లావాదేవీ బ్యాంకు లెక్కల్లోనూ, ఎన్‌పీసీఐ పంపే ఫైల్లోనూ నమోదవుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి, సరిపోనివి ఏరి, కారణం రాయాలి. ఆయుధాలు ఎక్సెల్, వీలుకప్, పివట్ టేబుల్. అంతే.

ఆటోమేషన్: రోజూ చేత్తో ఎందుకని ఒక మాక్రో రాశా. ఒకే ఖాతా, ఒకే తేదీ, ఒకే మొత్తం ఉన్న వరుసలను డూప్లికేట్ అనుకుని తీసేసేది. గంట పని రెండు నిమిషాల్లో అయిపోయింది, తేడాలు కూడా తగ్గాయి. నేను ఫుల్ ఖుషీ.

బ్యాంకులో మేకర్-చెకర్ అని ఒక పద్ధతి ఉంది. ఒకరు చేసింది ఇంకొకరు చూడనిదే ముందుకు కదలదు. నా ఫైల్ చూసిన మేడమ్ ఒక వరుస దగ్గర ఆగిపోయారు. ఒకాయన ఎవరికో మూడు వేలు పంపారు. ఖాతాలో డబ్బు కట్ అయింది, అవతల చేరలేదు. దాంతో మళ్లీ పంపారు, రెండోది వెళ్లింది. రెండింటికీ 12 అంకెల రిఫరెన్స్ నంబర్లు వేరు. నా మాక్రో ఆ నంబర్ చూడలేదు, రెండింటినీ ఒకటి చేసేసింది. దాంతో తేడా మాయమైంది.

"బాబూ, నువ్వు తీసేసింది డూప్లికేట్ కాదు. ఒకరి మూడు వేలు" అన్నారు మేడమ్.

2019 సెప్టెంబరు నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రకారం, ఇలా మధ్యలో ఆగిపోయిన డబ్బును మర్నాటికల్లా వెనక్కి వేయాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున ఖాతాదారుకు పరిహారం ఇవ్వాలి. ఆ తొమ్మిది రోజుల్లో నేను చదివిన కాగితమే అది! చదివినప్పుడు మాత్రం అందులో మనిషి కనిపించలేదు. ఆ సాయంత్రం మాక్రోను రిఫరెన్స్ నంబర్ చూసేలా మార్చా.

సమన్వయం: మెయిల్ పెట్టడం, జవాబు రాకపోతే ఫోన్ చేయడం, మళ్లీ మెయిల్ పెట్టడం.

ఇంతకీ జేడీ అబద్ధమా? పూర్తిగా కాదు. ఏ టీమ్‌కైనా సరిపోయేలా రాసిన మాటలవి. అందుకే ఇంటర్వ్యూ చివర "ఏమైనా ప్రశ్నలున్నాయా?" అన్నప్పుడు తల అడ్డంగా ఊపకండి. ఏ టీమ్‌లో వేస్తారు, రోజూ తెరిచే టూల్ ఏది, కిందటి ఇంటర్న్ ఏం పూర్తి చేశారు, యాక్సెస్ ఎన్ని రోజులకు వస్తుంది అని అడగండి. జవాబుల్లో అసలు జేడీ దొరుకుతుంది.

నాకు పీపీఓ రాలేదు. రెజ్యూమేలో "మెషిన్ లెర్నింగ్" అని పెట్టేయమని రూమ్మేట్ సలహా ఇచ్చాడు. నేను "యూపీఐ రీకన్సిలియేషన్, ఎక్సెల్ మాక్రో" అని రాశాను. దాని మీద ఎవరు ఎన్ని ప్రశ్నలు వేసినా, నేను చేసిన తప్పుతో సహా చెప్పగలను.