పది కోర్సుల ఎమ్మెస్

అమెరికాలో కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్ అంటే చాలా విశ్వవిద్యాలయాల్లో 30 నుంచి 36 క్రెడిట్ల చదువు. ఒక్కో కోర్సుకు సాధారణంగా మూడు క్రెడిట్లు, కాబట్టి డిగ్రీ మొత్తం కలిపి పది పన్నెండు కోర్సులు. విద్యార్థి వీసా మీద వెళ్లినవారు సెమిస్టర్‌కు చాలాచోట్ల కనీసం 9 క్రెడిట్లు తీసుకోవాలి. ఆ లెక్కన ఏడాదిన్నర, మహా అయితే రెండేళ్లలో చదువు ముగుస్తుంది. తెలుగు ఇళ్లలో ఎమ్మెస్ మాట వస్తే లోను, వీసా, డాలరు రేటు వరసగా చర్చకు వస్తాయి. ఆ పది కోర్సులు ఏమిటన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. లక్షలు పోసి కొనేది వాటినే.

అమెరికాలో కంప్యూటర్ సైన్స్‌కంటూ ఒక విభాగం తొలిసారి ఏర్పడింది 1962లో, పర్డ్యూ విశ్వవిద్యాలయంలో. అంతకుముందు ఈ చదువు కొంత గణితం వాళ్ల దగ్గర, కొంత ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ వాళ్ల దగ్గర ఉండేది. ఆ పుట్టుమచ్చలు నేటి సిలబస్‌లోనూ కనిపిస్తాయి. అల్గారిథమ్స్, కాంప్లెక్సిటీ లాంటివి ఒక గుంపు. ఆపరేటింగ్ సిస్టమ్స్, ఆర్కిటెక్చర్, నెట్‌వర్క్స్, డేటాబేస్‌లు మరో గుంపు. కృత్రిమ మేధ, మెషీన్ లెర్నింగ్ మూడోది. విద్యార్థి ఒకే గుంపులో కూరుకుపోకుండా ప్రతి గుంపు నుంచీ ఒకటో రెండో కోర్సులు చేయాలని చాలా విభాగాలు షరతు పెడతాయి. మిగిలినవి ఎవరిష్టం వారిది. ఇప్పుడు అందరి చూపూ మెషీన్ లెర్నింగ్ మీదే ఉంది కాబట్టి ఆ సీట్లు త్వరగా నిండి, వెయిట్‌లిస్టులో పడటం మామూలైపోయింది. థీసిస్ రాసేవారు ఒక ప్రొఫెసర్ దగ్గర చేరి, రెండు మూడు కోర్సుల బదులు పరిశోధన చేస్తారు. ఎక్కువమంది తీసుకునేది థీసిస్ లేని దారే. పీహెచ్‌డీ ఆలోచన ఏ మూలనైనా ఉంటే మాత్రం థీసిస్ దారే మేలు.

మెకానికల్, సివిల్, ఈఈఈ చదివి ఇటు మళ్లేవారికి ఇంకో మెట్టు ఉంటుంది. డేటా స్ట్రక్చర్స్, డిస్క్రీట్ మ్యాథ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ లాంటివి బీటెక్‌లో చదివి ఉండకపోతే వాటిని అక్కడ ముందుగా పూర్తి చేయమంటారు. వాటికి ఫీజు కట్టాలి గానీ చాలాచోట్ల డిగ్రీ క్రెడిట్లలో అవి కలవవు. అడ్మిట్ లెటర్ అడుగున చిన్న పేరాలో ఉండే ఈ షరతును చదవకుండానే విమానమెక్కేవాళ్లున్నారు.

క్లాసు వారానికి మూడు గంటలే. అసలు చదువు అసైన్‌మెంట్లలో ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్స్ కోర్సే చూద్దాం. ఎంఐటీలో 2006లో బోధన కోసం తయారైన ఎక్స్‌వీ6 అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను చాలా విశ్వవిద్యాలయాలు వాడుతున్నాయి. అందులో ఒక ప్రోగ్రాం తనలాంటి మరో ప్రోగ్రాంను పుట్టించినప్పుడు మెమరీ అంతా అప్పటికప్పుడు కాపీ అవుతుంది. అలా కాకుండా రెండూ ఒకే మెమరీ పేజీలను పంచుకునేలా, ఎవరైనా ఒక పేజీలో రాయబోయినప్పుడు మాత్రమే ఆ ఒక్క పేజీ కాపీ అయ్యేలా మార్చమన్నది అందరికీ తెలిసిన ఒక అసైన్‌మెంట్. వినడానికి నాలుగు వాక్యాల పని. ఒక పేజీని ఎంతమంది వాడుతున్నారో లెక్క పెట్టకపోతే, ఒకరు వదిలేసిన పేజీని ఇంకొకరు వాడుతుండగానే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నల్ దాన్ని ఖాళీ అనుకుని మూడోవాడికి ఇచ్చేస్తుంది. అప్పుడు సిస్టమ్ మొత్తం కుప్పకూలుతుంది, పైగా కూలేది తప్పు జరిగిన చోట కాదు. ఆ తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి రెండు రాత్రులు పడితే, ఆ రెండు రాత్రుల్లో నేర్చుకున్నదే ఆ కోర్సు.

తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ కాలేజీల్లో ల్యాబ్ రికార్డు పక్కవాడిది చూసి రాయడాన్ని ఎవరూ పెద్ద నేరంగా తీసుకోరు. అమెరికాలో ఆ అలవాటు కొంపముంచుతుంది. విద్యార్థుల కోడ్‌లను పోల్చి చూసే మాస్ అనే సాఫ్ట్‌వేర్‌ను అలెక్స్ ఐకెన్ 1994లో తయారు చేశాడు. అది వేరియబుల్ పేర్లను, ఖాళీలను పట్టించుకోదు. కోడ్‌ను చిన్నచిన్న ముక్కలుగా చేసి, వాటిలో కొన్నింటిని ఆ కోడ్ వేలిముద్రల్లా ఎంచుకుని మిగతావారి కోడ్‌తో సరిచూస్తుంది. అందుకే పేర్లు మార్చి ఇచ్చినా దొరికిపోతారు. శిక్ష అసైన్‌మెంట్‌లో సున్నాతో ఆగొచ్చు, కోర్సు తప్పడం దాకా, సస్పెన్షన్ దాకా కూడా వెళ్లొచ్చు. సస్పెండ్ అయితే వీసా హోదాకే ముప్పు. సగటు ‘బి’ కన్నా, అంటే 3.0 జీపీఏ కన్నా తగ్గితే ప్రొబేషన్ అన్న నియమం కూడా దాదాపు అన్నిచోట్లా ఉంది.

అడ్మిషన్ పని ఏడాది ముందే మొదలవుతుంది. ఆగస్టు సెమిస్టర్‌కు పేరున్న విభాగాల గడువులు అంతకుముందు డిసెంబరులోనే ముగుస్తాయి. మార్కుల జాబితాలు, ఇంగ్లిష్ పరీక్ష, మూడు సిఫార్సు లేఖలు, స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ (ఎస్‌వోపీ) కావాలి. జీఆర్‌ఈని చాలా విభాగాలు ఇప్పుడు ఐచ్ఛికం చేశాయి. ఆ పరీక్ష కూడా 2023 సెప్టెంబరు నుంచి రెండు గంటల లోపుకు తగ్గింది. కన్సల్టెన్సీలు ఒకే మూసలో పోసి ఇచ్చే ఎస్‌వోపీలను చదివేవారు ఇట్టే గుర్తుపడతారు. ఫలానా ప్రాజెక్టులో ఏం చేశాడో, ఎక్కడ ఇరుక్కున్నాడో, ఎలా బయటపడ్డాడో రాసిన ఒక్క పేరా, చిన్నప్పటి నుంచీ కంప్యూటర్లంటే ఇష్టమన్న రెండు పేజీలకన్నా బరువు తూగుతుంది.

విశ్వవిద్యాలయం ఎంపికలో పొరపాటు చేస్తే దిద్దుకోవడం కష్టం. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద వీసా మోసం ఆరోపణలతో అధికారులు దాడి చేసినప్పుడు, అక్కడ పేరు నమోదైన విద్యార్థుల్లో ఆంధ్రప్రదేశ్ వారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. కదలికలు కనిపెట్టడానికి కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. విదేశీ విద్యార్థులను చేర్చుకునే అనుమతి ఆ సంస్థకు ఉంది, అనుమతి ఉన్నంత మాత్రాన అసలైన చదువు ఉన్నట్టు కాదు. 2019లో బయటపడిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే ఏకంగా అమెరికా ప్రభుత్వమే వల పన్ని నడిపిన బూటకపు సంస్థ. క్లాసులు లేకుండా మొదటి రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చని చెప్పే చోటును ఇవన్నీ గుర్తుంచుకునే చూడాలి.

ఖర్చు విశ్వవిద్యాలయాన్ని బట్టి చాలా మారుతుంది. ప్రసిద్ధ ప్రైవేటు సంస్థల్లో ఒక్క ఏడాది ట్యూషనే 60 వేల డాలర్లు దాటొచ్చు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో అంతకన్నా చాలా తక్కువకు దొరికేవి ఉన్నాయి. టెక్సస్‌లో ఒక వెసులుబాటు ఉంది: పోటీ మీద ఇచ్చే స్కాలర్‌షిప్ కనీసం 1,000 డాలర్లు దక్కినవారికి, ఆ రాష్ట్రం వారికి వేసే ఫీజే వేయవచ్చు. బోధనలో, పరిశోధనలో సాయపడే టీఏ, ఆర్‌ఏ ఉద్యోగాలు ముందు పీహెచ్‌డీ వారికి పోతాయి. వాటిని నమ్ముకుని లెక్క వేసుకోకూడదు. లోను లెక్క మరీ ముఖ్యం. 11 శాతం వడ్డీకి 40 లక్షలు తీసుకుంటే, మొత్తం ఒకేసారి తీసుకున్నారనుకుంటే ఏడాదికి వడ్డీయే 4 లక్షల 40 వేలు. చదువుతున్నన్నాళ్లూ ఈఎంఐ ఉండదంటారు గానీ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. ఆదాయపన్ను పాత పద్ధతిలో ఈ వడ్డీకి ఎనిమిదేళ్ల దాకా మినహాయింపు ఉంది.

విశ్వవిద్యాలయం వీసాకు కావలసిన ఐ-20 పత్రం పంపాక, విదేశీ విద్యార్థుల నమోదు వ్యవస్థ అయిన సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు కట్టి ఇంటర్వ్యూ స్లాట్ కోసం ఎదురుచూడాలి. హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో మొదలై, 2023లో నానక్‌రామ్‌గూడకు మారింది. కాన్సులేట్ వచ్చాక తెలుగు విద్యార్థులకు ఇంటర్వ్యూ కోసం చెన్నై వెళ్లే శ్రమ తగ్గింది. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా అడిగేవారు తమ సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాల్సి వస్తోంది.

అమెరికాలో దిగాక గడియారం వేగంగా తిరుగుతుంది. ఆగస్టులో చేరినవాడు ఇంకా గది అద్దె, వంట సర్దుకుంటుండగానే సెప్టెంబరులో కెరీర్ ఫెయిర్ వచ్చేస్తుంది. వచ్చే వేసవి ఇంటర్న్‌షిప్‌లకు కంపెనీలు అప్పుడే మనుషులను చూసుకుంటాయి. రెండేళ్ల చదువులో వేసవి ఒక్కటే కాబట్టి ఆ అవకాశం మళ్లీ రాదు. జనవరిలో చేరేవారి ఇబ్బంది వేరు. ఇంటర్న్‌షిప్‌కు కావలసిన సీపీటీ అనే అనుమతి సాధారణంగా ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాకే ఇస్తారు, అందుకని మొదటి వేసవి వారికి దక్కదు. సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పనిచేయవచ్చు. బయట, అనుమతి లేకుండా, గంట పనిచేసినా తప్పే.

చదువు అయ్యాక ఓపీటీ అనే పని అనుమతి కింద 12 నెలలు, కంప్యూటర్ సైన్స్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉంది కాబట్టి మరో 24 నెలలు ఉద్యోగం చేయవచ్చు. ఆ పొడిగింపుకు ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ ఈ-వెరిఫైలో కంపెనీ నమోదై ఉండాలి. మొదటి ఏడాదిలో 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. ఈ మూడేళ్లలోపు హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీలో పేరు రావాలి. ఏటా 65,000 వీసాలు, అమెరికా మాస్టర్స్ చేసినవారికి అదనంగా 20,000. కొన్ని కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము విధిస్తూ 2025 సెప్టెంబరులో ఉత్తర్వు వచ్చాక కంపెనీలు వెనకాముందాడుతున్నాయి. ఆ అదనపు 20,000లో పోటీపడాలంటే మాస్టర్స్ ఇచ్చింది గుర్తింపు పొందిన ప్రభుత్వ సంస్థో, లాభాపేక్ష లేని సంస్థో అయి ఉండాలి. లాభం కోసం నడిచే విశ్వవిద్యాలయాల పట్టా ఆ కోటాకు చెల్లదు.