హృదయ ధమని చీలిక - సంయోజక కణజాలము

సిరిసిల్ల మగ్గముపై నేసిన గుడ్డ మన్నుట పడుగు పేకల బలిమి వలననే. నూలు నాసిదైనచో రంగెంత బాగున్నను గుడ్డ నిలువదు. మన దేహమునందును అట్టి నేత యొకటి కలదు. చర్మమును, కీళ్లను, రక్తనాళముల గోడలను పట్టి నిలుపు ఆ నేతకు సంయోజక కణజాలమని పేరు. కొల్లాజెన్, ఫైబ్రిల్లిన్ మొదలగు మాంసకృత్తులు అందలి పోగులు.

గుండె కండరమునకు రక్తము నందించు ధమని గోడకు మూడు పొరలు కలవు. ఒక్కొక్కప్పుడు లోపలి పొర చీలియో, గోడలోని సన్నని నాళము చిట్లియో, రక్తము పొరల నడుమ చేరును. ఆ ఉబ్బు ధమని మార్గమును నొక్కివేయగా గుండెపోటు వచ్చును. కొవ్వు పేరుకొనుట దీనికి కారణము కాదు. ఇంగ్లండులో 1931లో దీనిని మొదట వర్ణించినది 42 ఏండ్ల స్త్రీ మరణానంతర పరీక్షను బట్టి. నేటికిని దీని పాలబడువారిలో అత్యధికులు స్త్రీలే. అందు బాలింతలును కలరు.

పోగులే బలహీనమైన వ్యాధులు కొన్ని కలవు. 1896లో ఫ్రెంచి వైద్యుడు ఆంత్వాన్ మార్ఫాన్ వర్ణించిన వ్యాధి అందొకటి. 1991లో ఫైబ్రిల్లిన్ జన్యువు నందలి దోషమే దానికి మూలమని తేలినది. పొడవైన చేతులు, వ్రేళ్లు, వంగిన వెన్ను, స్థానము తప్పిన కంటి కటకము దాని గుర్తులు. రక్తనాళములకు సోకు ఏలర్స్-డాన్లోస్ వ్యాధిలో చర్మము పలుచనై, చిన్న దెబ్బకే కమిలిపోవును. ధమని చీలినవారిలో ఇట్టి వ్యాధులు కలవారు కొద్దిమందియే. అయినను వారిని గుర్తింపవలెను. ఏలయన వారి బృహద్ధమనియు చీలవచ్చును, మరల గర్భము దాల్చుట ప్రమాదకరము కావచ్చును.

ఇది మేనరికపు ఫలమని కొందరు తలంతురు. అది సరికాదు. తల్లిదండ్రులలో ఒక్కరికి దోషమున్నను ప్రతి బిడ్డకును సంక్రమించుటకు సగపాలు అవకాశము కలదు. ఎవరికిని లేకున్నను బిడ్డయందు క్రొత్తగా కలుగుటయు కద్దు.

కావున ఉట్నూరు గూడెమునందైనను, మంథని పల్లెయందైనను బాలింతకు ఎదనొప్పి పుట్టి చెమటలు పోసినచో, వాయువని వాము నమిలించి పడుకొనబెట్టరాదు. వెంటనే 108 వాహనమును పిలువవలెను. మొదటి ఇ.సి.జి. బాగున్నను, నొప్పి తగ్గనిచో మరల తీయింపవలెను. వంశములో చిన్న వయసున హఠాత్తుగా మరణించినవారున్నచో ఆ సంగతి వైద్యునికి చెప్పవలెను. చీలిన ధమని పెక్కుమందిలో కొన్ని వారములలోనో, నెలలలోనో తనంత తానే మానును. రక్తప్రసారము నిలిచినపుడు తప్ప స్టెంటు వేయుటకు వైద్యులు తొందరపడరు; చీలిక మరింత సాగునని వారి వెరపు. సకాలమున వైద్యుని చేరినవారికే ఆ మేలు దక్కును.