అమ్మమ్మలు వెలిగించిన దీపాలు

చదవడం రాదు. రాయడం రాదు. వేలిముద్రే వాళ్ల సంతకం. అయినా సర్క్యూట్‌ బోర్డు చేతికిస్తే లోపమెక్కడుందో ఇట్టే చెప్పేస్తారు. చీకటి పల్లెల్లో సూర్యుడితో దీపాలు వెలిగిస్తారు. రాజస్థాన్‌లోని తిలోనియా అనే చిన్న ఊళ్లో తయారైన ఈ అమ్మమ్మ ఇంజినీర్ల వెనక యాభై ఏళ్లు దాటిన కథ ఉంది.

పొడవాటి బల్లలు. వాటి మీద తీగలు, బ్యాటరీలు, చిన్న చిన్న బల్బులు. చుట్టూ కూర్చున్న ఆడవాళ్లలో ఒకరిది సియెర్రా లియోన్‌, ఇంకొకరిది గాంబియా, మరొకరిది మౌరిటానియా. ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. పాఠం చెప్పే రాజస్థానీ మహిళకు వాళ్ల భాషల్లో ఒక్క ముక్కా రాదు. మరి చదువెలా సాగుతుందంటారా? సైగలతో, రంగులతో! ఈ రంగు తీగ ఇక్కడ, ఆ రంగు గీతలున్న రెసిస్టర్‌ అక్కడ. ఒకరు చేసి చూపిస్తారు, మిగతావాళ్లు అలాగే చేస్తారు. తప్పు జరిగితే విప్పి, మళ్లీ మొదట్నుంచీ. ఆరు నెలలు తిరిగేసరికి ఒకప్పుడు టార్చిలైటు విప్పడానికీ భయపడ్డ చేతులే సౌరదీపానికి టంకం పెట్టేస్తాయి.

అజ్మీర్‌ జిల్లాలో ఉన్న ఆ బడి పేరు బేర్‌ఫుట్‌ కాలేజీ. అంటే చెప్పుల్లేని కాళ్లవాళ్ల కాలేజీ. పేదవాడి చేతిలో ఉన్న విద్యకు పట్టా ఉన్నవాడి చదువుతో సమానంగా విలువివ్వాలన్నదే దాని సూత్రం.

అమ్మ మాట్లాడ్డం మానేసింది!

దాన్ని మొదలుపెట్టిన సంజిత్‌ రాయ్‌ని అందరూ ‘బంకర్‌’ రాయ్‌ అనే పిలుస్తారు. పేరున్న డూన్‌ స్కూల్లో చదివాడు. దిల్లీ సెయింట్‌ స్టీఫెన్స్‌ కాలేజీలో డిగ్రీ. స్క్వాష్‌లో జాతీయ ఛాంపియన్‌. అంతటి కొడుకు ఏ దౌత్యవేత్తో, డాక్టరో అవుతాడని ఇంట్లో అనుకున్నారు. కానీ 1960ల మధ్యలో బిహార్‌ను కరవు పట్టి పీడిస్తున్నప్పుడు అక్కడికెళ్లిన ఆ కుర్రాడు ఆకలి చావుల్ని కళ్లారా చూశాడు. తిరిగొచ్చి, పల్లెకు పోయి బావులు తవ్వుతానన్నాడు. ఆ మాటకు తల్లి చాలాకాలం తనతో మాట్లాడలేదని ఆయనే చెబుతుంటారు.

అయిదేళ్లు బావుల్లో దిగి రాళ్లు పేల్చాక 1972లో తిలోనియా చేరాడు రాయ్‌. ఊరి పెద్దలు అనుమానంగా చూశారు. పోలీసుల నుంచి పారిపోయి వచ్చావా, పరీక్ష తప్పావా, సర్కారు ఉద్యోగం రాలేదా... ఇవీ వాళ్ల ప్రశ్నలు. అవేవీ కాదని తేలాక ఒక సలహా ఇచ్చారు: డిగ్రీలున్నవాళ్లను మాత్రం ఇక్కడికి తీసుకురావద్దు! ఆ మాటే తర్వాత సంస్థకు పునాది అయింది. ఊరి పక్కన వాడకుండా వదిలేసిన క్షయరోగుల శానిటోరియాన్ని నెలకు రూపాయి అద్దెకు తీసుకుని పని ప్రారంభించారు.

రాయ్‌ భార్య అరుణా రాయ్‌ అప్పటికే ఐఏఎస్‌ అధికారి. ఆమె కూడా 1970ల మధ్యలో ఆ ఉద్యోగాన్ని వదులుకుని తిలోనియా వచ్చేశారు. 1983 దాకా అక్కడే పనిచేసి, తర్వాత కూలీలు, రైతులతో కలిసి మజ్దూర్‌ కిసాన్‌ శక్తి సంఘటన్‌ పెట్టారు. 2005లో సమాచార హక్కు చట్టం రావడం వెనక ఆ సంఘటన్‌ పోరాటం పెద్దది.

ఊళ్లో మొదట చేపట్టింది తాగునీటి పని. చేతి పంపులు బాగుచేయడం ఊరి మనుషులకే నేర్పారు. పగలంతా మేకలు కాసే పిల్లలకోసం 1975 నుంచీ రాత్రి బడులు పెట్టారు. ఆ బడుల్లో చదివే పిల్లలకు ఓ పార్లమెంటు, దానికో ప్రధానమంత్రి కూడా ఉన్నారండోయ్‌! 1986లో కొత్త ప్రాంగణం కట్టాల్సివస్తే, అక్షరం ముక్క రాని ఊరి మేస్త్రీలే పని మొదలుపెట్టారు. పైకప్పు కారకుండా ఆడవాళ్లు బెల్లం కలిపిన మిశ్రమాన్ని వాడారు. ఆ ప్రాంగణానికి 2001లో ఆగాఖాన్‌ వాస్తుశిల్ప పురస్కారం వచ్చింది. నిర్మాణ ఘనత ఎవరిదన్న వివాదం రేగడంతో సంస్థ దాన్ని తిరిగిచ్చేసింది.

పూజారి వేసిన పలకలు

సూర్యుడి సంగతి ఆ ప్రాంగణంలోనే మొదలైంది. పైకప్పు మీద సౌర పలకలు బిగించింది ఏ ఐఐటీ ఇంజినీరో కాదు, ఎనిమిదో తరగతితో చదువాపేసిన గుడి పూజారి. వంటా ఎండతోనే. పుటాకారంలో అమర్చిన అద్దాలు సూర్యకిరణాల్ని ఒక్కచోటికి చేర్చి వంటపాత్రకు వేడి అందిస్తాయి. ఆ పొయ్యి చట్రాన్ని కొలిచి, వంచి, వెల్డింగ్‌ చేసిందీ ఆడవాళ్లే.

సౌరదీపం పైకి బొమ్మలా కనిపిస్తుంది కానీ లోపల పెద్ద లెక్కే ఉంది. పలక పగలంతా కరెంటు తయారుచేస్తే బ్యాటరీ దాన్ని దాచుకుంటుంది. మధ్యలో ఛార్జ్‌ కంట్రోలర్‌ కాపలా కాస్తుంది. బ్యాటరీ నిండితే కరెంటు ఆపుతుంది, మరీ ఖాళీ అయిపోతుంటే దీపాన్ని కట్టేస్తుంది. అది పాడయిందంటే బ్యాటరీ బతుకు నెలల్లో తీరిపోతుంది. సౌరదీపాలు పంచిన ఎన్నో పథకాలు మూలనపడింది అక్కడే. దీపం ఇచ్చినవాళ్లు వెళ్లిపోతారు, బాగుచేసేవాళ్లు ఉండరు.

అందుకే తిలోనియావాళ్లు దీపం కన్నా ముందు మనిషిని తయారుచేయాలనుకున్నారు.

అబ్బాయిలు వద్దన్నారు

మొదట్లో కుర్రాళ్లకూ నేర్పారు. పని వచ్చీ రాగానే సర్టిఫికెట్‌ ఇమ్మన్నారు. అది చేతిలో పడగానే పట్నం బస్సెక్కేశారు. నేర్పిన విద్య ఊరికి దక్కలేదు. దాంతో రాయ్‌ బృందం రెండు నిర్ణయాలు తీసుకుంది. ఒకటి, సర్టిఫికెట్లు ఉండవు. రెండు, అమ్మమ్మలకూ నానమ్మలకూ నేర్పాలి. ముప్ఫై అయిదు నుంచి యాభై దాటినవాళ్లయితే ఊరు విడిచిపోరు. మనవల్ని, పొలాన్ని వదిలి ఎక్కడికి పోతారు? ఆ ఊరికి దీపం ఎంత అవసరమో వాళ్లకన్నా ఎవరికి తెలుసు?

2000ల మధ్య నుంచీ అఫ్గానిస్థాన్‌, ఆఫ్రికా దేశాల పల్లెల నుంచి మహిళలు రావడం మొదలైంది. 2008 నుంచి భారత ప్రభుత్వం తన ఐటెక్‌ కార్యక్రమం కింద వాళ్ల ప్రయాణ ఖర్చులూ శిక్షణ ఖర్చులూ భరించింది. ఒక అఫ్గాన్‌ మహిళ శిక్షణ ముగించుకుని వెళ్లి, ఏసీ కరెంటుకూ డీసీ కరెంటుకూ తేడా ఏమిటో ఓ ఇంజినీరింగ్‌ విభాగాధిపతికి వివరించిందని రాయ్‌ తన ప్రసంగాల్లో నవ్వుతూ చెబుతారు.

ఎంపిక చేసేది ఊరే. ఊరివాళ్లు ముందు ఓ సౌర కమిటీ వేసుకోవాలి. కిరోసిన్‌కూ కొవ్వొత్తులకూ టార్చి బ్యాటరీలకూ ఇంటింటా ఎంత ఖర్చవుతోందో లెక్కతీస్తారు. దీపం వచ్చాక అంత మొత్తాన్ని నెలనెలా కమిటీకి కట్టాలి. అందులోంచే ఇంజినీరు అమ్మమ్మకు జీతం, విడిభాగాలకు ఖర్చు. దీపం ఊరికే వస్తే దాని విలువ తెలియదన్నది వాళ్ల అనుభవం.

కిరోసిన్‌ బుడ్డి పోతే ఇంటికే కాదు, ఆకాశానికీ మేలు. బుడ్డిలో కాలే కిరోసిన్‌లో 7 నుంచి 9 శాతం నల్లటి మసిగా మారుతుందని 2012లో వెలువడిన ఓ అధ్యయనం తేల్చింది. పిల్లల ఊపిరితిత్తుల్లో చేరేదీ, గాల్లో కలిసి భూమిని వేడెక్కించేదీ ఆ మసే. ఇప్పటికీ సహారా దిగువ ఆఫ్రికాలో దాదాపు 60 కోట్ల మందికి కరెంటు లేదు.

గడప దాటడమే అసలు పరీక్ష

టంకం పెట్టడం నేర్పొచ్చు. ఇల్లు వదిలి రావడం నేర్పేదెవరు? జోర్డాన్‌ ఎడారి పల్లెకు చెందిన రఫియా కథ 2012లో ‘సోలార్‌ మామాస్‌’ అనే డాక్యుమెంటరీగా వచ్చింది. నలుగురు ఆడపిల్లల తల్లి. భర్తకు రెండో భార్య. తిలోనియాలో పాఠాలు వంటపడుతున్నాయనగా ఇంటి నుంచి కబురు. వెంటనే రాకపోతే విడాకులిచ్చి పిల్లల్ని తీసేసుకుంటానని భర్త బెదిరింపు. చేసేదేంలేక వెళ్లిపోయింది. కథ అక్కడితో ముగిసిపోవాల్సిందే. కానీ ఇంట్లో పోరి, అందర్నీ ఒప్పించి, మళ్లీ తిలోనియా వచ్చింది. శిక్షణ పూర్తిచేసింది.

అలా అందరూ తిరిగి రాలేరు. వచ్చి నేర్చుకున్నా, ఊళ్లో పరికరాలు సమయానికి అందకపోతే ఆ విద్య అటకెక్కుతుంది. బ్యాటరీకి ఆయుష్షు తీరితే కొత్తది కొనడానికి కమిటీ దగ్గర డబ్బుండాలి. అమ్మమ్మ ఒక్కత్తే ఊరిని వెలిగించలేదు, ఊరూ పూనుకోవాలి.

తిలోనియాలో పనిచేయాలనుకునేవాళ్లకు రాయ్‌ పెట్టిన షరతులు కూడా కఠినమే. నేల మీదే కూర్చోవాలి, నేల మీదే తినాలి, పెద్ద జీతాలు ఉండవు. డబ్బు కోసం అయితే రావద్దు. పని మీద ఇష్టం ఉంటే మాత్రం తప్పులు చేసినా ఫర్వాలేదు, నేర్చుకోవచ్చు. 2010లో ‘టైమ్‌’ పత్రిక ప్రపంచంలో వందమంది ప్రభావశీలుర జాబితాలో ఆయన పేరు చేర్చింది. ఆ గౌరవంలో ఆ పూజారికీ, వెల్డింగ్‌ చేసిన ఆడవాళ్లకూ వాటా ఉంది.

లద్దాఖ్‌లో సౌరదీపాలు పెట్టాక రాయ్‌ అక్కడి ఓ మహిళను అడిగారట, దీనివల్ల నీకేం లాభం కలిగిందని. ఆమె కాసేపు ఆలోచించింది. చలికాలంలో మా ఆయన ముఖం చూడగలగడం ఇదే మొదటిసారి, అంది!