కాంట్రాక్టుకి ఈసీ తీశారా?

ప్లాటు కొనేముందు మన ఇళ్లలో పెద్దవాళ్లు ఏం చేస్తారు? ఈసీ తీయిస్తారు. లింకు డాక్యుమెంట్లు అడుగుతారు. సర్వే నంబరు, హద్దులు సరిపోయాయో లేదో చూస్తారు. అమ్మేవాడు ఎంత తియ్యగా మాట్లాడినా ‘ముందు కాగితం చూపించు బాబూ’ అంటారు. అదే ఇంట్లో కుర్రాడు మాత్రం టెలిగ్రామ్‌లో వచ్చిన లింకు నొక్కి, వాలెట్ కనెక్ట్ చేసి, పాతికవేలు పంపేస్తాడు. అడిగితే ‘కాంట్రాక్టు బ్లాక్‌చెయిన్ మీదే ఉందిగా, ఇంకేం ప్రూఫ్ కావాలి?’ అంటాడు.

స్మార్ట్ కాంట్రాక్టుల్ని చెయిన్ మీదకి ఎక్కించడం, మా భాషలో డిప్లాయ్ చేయడం, నా ఉద్యోగంలో భాగం. అందుకే చెబుతున్నా. చెయిన్ మీద ఉండటం ఒక్కటే ప్రూఫ్ కాదు. ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, ఏ చెయిన్ మీద పెట్టారు, ఏ కోడ్ పెట్టారు, ఇప్పటికీ అదే ఉందా? ఈ అయిదూ తేలాలి.

రిజిస్ట్రేషన్ ఎలా జరుగుతుంది?

స్మార్ట్ కాంట్రాక్టు అంటే డబ్బు ఎప్పుడు, ఎలా చేతులు మారాలో రాసిపెట్టిన ప్రోగ్రామ్. 2015 జులై 30న మొదలైన ఇథీరియంతో ఇవి బాగా పాపులర్ అయ్యాయి. మేం సాలిడిటీ లాంటి భాషలో రాసిన సోర్స్ కోడ్‌ని కంపైలర్ బైట్‌కోడ్‌గా మారుస్తుంది. దాన్ని ఒక లావాదేవీలో పెట్టి పంపుతాం. మామూలు లావాదేవీలో ‘ఎవరికి’ అన్న గడిలో అవతలివాళ్ల అడ్రస్ ఉంటుంది. డిప్లాయ్ చేసేటప్పుడు ఆ గడి ఖాళీగా ఉంటుంది. కొత్త కాంట్రాక్టుకి అడ్రస్ అప్పుడే పుడుతుంది. ఆ లావాదేవీకి ఓ హ్యాష్, అది చేరిన బ్లాకుకి ఓ నంబరు, సమయం ఉంటాయి. బ్లాకు ఖరారయ్యాక వాటిని ఎవరూ దిద్దలేరు.

అంటే ‘ఎవరు, ఎప్పుడు’ అన్నవాటికి సాక్ష్యం దానంతటదే తయారవుతుంది. ఎవరు అంటే మనిషి పేరు కాదు, వాలెట్ అడ్రస్. అసలు చిక్కు ‘ఏ కోడ్’ అన్నదానితోనే. చెయిన్ మీద ఉండేది మనం చదవలేని బైట్‌కోడ్. వెబ్‌సైట్‌లో ఒక కోడ్ చూపించి, చెయిన్ మీద మరోటి పెట్టడం పెద్ద కష్టమేం కాదు.

‘వెరిఫైడ్’ అంటే?

ఈథర్‌స్కాన్, సోర్సిఫై లాంటివి ఇక్కడే పనికొస్తాయి. డెవలపర్ ఇచ్చిన సోర్స్‌ని అదే కంపైలర్ వెర్షన్‌తో, అవే సెట్టింగులతో మళ్లీ కంపైల్ చేసి, వచ్చినదాన్ని చెయిన్ మీదున్న బైట్‌కోడ్‌తో పోల్చి చూస్తాయి. సరిపోతే వెరిఫైడ్. చూపించిన కోడూ నడుస్తున్న కోడూ ఒకటే అని దానర్థం. అంతేకానీ ఆ కోడ్ మంచిదని కాదు. ఈసీ క్లియర్‌గా ఉన్నంతమాత్రాన ప్లాటు చెరువు శిఖంలో లేదని కాదుగా!

అదే అడ్రస్... వేరే కోడ్!

2023 మేలో టోర్నడో క్యాష్‌లో జరిగింది చూడండి. లావాదేవీల జాడ తెలియకుండా చేసే సర్వీసు అది. అందులో మార్పులు చేయాలంటే టోకెన్లు ఉన్నవాళ్లు ఓటేయాలి. ప్రతిపాదన కూడా ఒక కాంట్రాక్టే. ‘ఇంతకుముందు పాసైనదాని లాంటిదే’ అంటూ ఓ అజ్ఞాత వ్యక్తి ఒకటి పెట్టాడు. నిజానికి అందులో తనని తాను చెరిపేసుకునే ఫంక్షన్ ఒకటి అదనంగా ఉంది. ఓటింగ్‌లో అది నెగ్గాక ఆ కాంట్రాక్టుని చెరిపేసి, అదే అడ్రస్‌లో వేరే కోడ్ పెట్టాడు. ఆ కోడ్ అతనికి 12 లక్షల దొంగ ఓట్లు కట్టబెట్టింది. అసలు ఓట్లు 7 లక్షలే. పెత్తనమంతా అతని చేతికి వెళ్లింది!

2024 మార్చి 13న వచ్చిన డెన్‌కూన్ అప్‌గ్రేడ్‌తో ఇథీరియంలో ఇలా చెరిపేయడానికి దాదాపు వీల్లేకుండా పోయింది. కానీ ప్రాక్సీ అనే మరో దారి ఉంది. అడ్రస్ అదే ఉంటుంది, వెనక పనిచేసే కోడ్ మాత్రం మార్చుకోవచ్చు. బగ్‌లు సరిచేయడానికి మంచి కంపెనీలూ దీన్నే వాడతాయి. మార్చే తాళం ఎవరి దగ్గరుందన్నదే ప్రశ్న.

మేం రాసిపెట్టే కాగితం

అందుకే డిప్లాయ్ చేసిన ప్రతిసారీ మా టీము ఒక రికార్డు తయారుచేస్తుంది. చెయిన్ ఐడీ, కాంట్రాక్టు అడ్రస్, లావాదేవీ హ్యాష్, బ్లాకు నంబరు, బైట్‌కోడ్ హ్యాష్, కంపైలర్ వెర్షన్, సెట్టింగులు, డిప్లాయ్ చేసేటప్పుడు ఇచ్చిన విలువలు, గిట్ కమిట్ అన్నీ అందులో ఉంటాయి. కమిట్ ఎందుకంటే, ఆడిట్ రిపోర్టు ఏదో ఒక కమిట్‌కే వర్తిస్తుంది. ఆ తర్వాత ఒక్క లైను మారినా అది ఆడిట్ కాని కోడే. డిప్లాయ్ చేసిన వాలెట్‌తోనే ఆ రికార్డు మీద సంతకం చేసి, దాని హ్యాష్‌ని చెయిన్ మీద పెడతాం. రేపు మేమే మాట మార్చాలన్నా కుదరదు.

ఫోన్‌లోనే చూసుకోండి

* అడ్రస్‌ని టెలిగ్రామ్ మెసేజ్ నుంచి కాకుండా ప్రాజెక్టు సొంత డాక్యుమెంట్ల నుంచి తీసుకోండి.

* చెయిన్ ఏదో చూడండి. ఇథీరియం ఐడీ 1. ఉత్తుత్తి డబ్బులతో నడిచే టెస్ట్ చెయిన్ సెపోలియా ఐడీ 11155111. ఒకే అడ్రస్ రెండుచోట్లా ఉండొచ్చు.

* ఎక్స్‌ప్లోరర్‌లో కాంట్రాక్టు ట్యాబ్ నొక్కి, వెరిఫై అయిందో లేదో చూడండి.

* ఎవరు, ఎప్పుడు పెట్టారో గమనించండి. ‘రెండేళ్లుగా నడుస్తోంది’ అన్న కాంట్రాక్టు మొన్ననే పుట్టి ఉంటే మీకే అర్థమైపోతుంది.

* ప్రాక్సీ అని కనిపిస్తే, వెనకున్న కోడ్ కూడా వెరిఫై అయిందా, దాన్ని మార్చే అధికారం ఎవరికుంది అన్నది చూడండి.

ఒక్కటి తేడాగా ఉన్నా ఆగిపోండి. ఎందుకంటే మన దగ్గర క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను కట్టాలి. నష్టాన్ని మాత్రం మరో కాయిన్ మీద వచ్చిన లాభంలోంచి కూడా తీసేసుకోనివ్వరు. ఇవన్నీ చూడటానికి పట్టేది అయిదు నిమిషాలు. డబ్బు ఒకసారి వెళ్లాక వెనక్కి తెప్పించే బటన్ మాత్రం మా కోడ్‌లోనూ ఉండదు.