ఎండిన రొట్టెకు ఎంత పేరో!

హోటల్లో టమాటా సూప్‌ చెబితే పొగలు కక్కే కప్పులో నాలుగు చిన్న బ్రెడ్డు ముక్కలు తేలుతూ వస్తాయి. పిల్లలైతే సూప్‌ సంగతి తర్వాత, ముందు వాటినే ఏరుకుని కరకరా నమిలేస్తారు. అయిపోగానే ఇంకొన్ని కావాలని పేచీ! ఆ ముక్కల పేరే క్రూటాన్లు. మెనూ కార్డులో ఆ పేరు చూస్తే ఏదో ఖరీదైన వంటకం అనిపిస్తుంది. కానీ అది నిన్నటి రొట్టెను పారేయడానికి మనసొప్పని ఇల్లాళ్ల తెలివి.

పెచ్చు నుంచి పేరు

రొట్టె పైన గట్టిగా, గోధుమరంగులో ఉండే పెచ్చును ఫ్రెంచిలో 'క్రూత్‌' అంటారు. లాటిన్‌ మాట 'క్రస్టా' దీనికి మూలం. ఇంగ్లిషు 'క్రస్ట్‌' కూడా అక్కడి నుంచి వచ్చిందే. చిన్న క్రూత్‌ కాబట్టి 'క్రూతోన్‌' అయింది. ఆ చివరి అక్షరాన్ని ఫ్రెంచివాళ్లు ముక్కుతో పలుకుతారు. 19వ శతాబ్దం మొదట్లో ఇంగ్లిషులోకి వెళ్లి క్రూటాన్‌గా స్థిరపడింది. ఇటలీవాళ్లు కాల్చిన రొట్టె ముక్కల్ని 'క్రోస్తీని' అంటారు. అదీ ఈ కుటుంబంలోదే.

ఫ్రాన్స్‌లో పొడవాటి బాగెట్‌ రొట్టె కొసనూ క్రూతోన్‌ అనే అంటారు. బేకరీ నుంచి ఇంటికి వస్తూ దారిలోనే ఆ కొస తుంచుకు తినేయడం అక్కడ చాలామందికి అలవాటు. మనం 'కూటి కోసం' అన్నట్టే వాళ్లు బతుకుదెరువును 'క్రూత్‌ సంపాదించుకోవడం' అంటారు. పాత పద్ధతుల్ని పట్టుకు వేలాడే పెద్దాయనను 'ముసలి క్రూతోన్‌' అని వెక్కిరిస్తారు!

సూప్‌ అంటే రొట్టే!

ఇప్పుడు సూప్‌ అంటే తాగేది. ఒకప్పుడు ఫ్రాన్స్‌లో ఆ మాటకు అర్థం, గిన్నెలో వేసి పైన వేడి రసం పోసే రొట్టె ముక్క. కారణం లేకపోలేదు. ఆల్ప్స్‌ పర్వతాల్లోని కొన్ని పల్లెల్లో ఊరి పొయ్యిని ఏడాదికి ఒకటి రెండుసార్లే వెలిగించి, నెలల తరబడి సరిపోయేలా రొట్టెలు కాల్చుకునేవారు. అవి చెక్కలా గట్టిపడేవి. వేడి రసంలో నానబెడితే తప్ప నోటికి అందేవి కావు.

రొట్టె అంటే అక్కడ ప్రాణం. 1789 అక్టోబరు 5న పారిస్‌ మహిళలు వేలమంది వర్షంలో దాదాపు 20 కిలోమీటర్లు నడిచి వెర్సాయ్‌ రాజభవనానికి వెళ్లింది రొట్టె కోసమే. మర్నాడు రాజును వెంటబెట్టుకుని పారిస్‌ తిరిగొచ్చారు. అలాంటి చోట ఎండిన ముక్కనైనా ఎవరు పారేస్తారు? రొట్టె విలువను ఆ దేశం ఇప్పటికీ మరిచిపోలేదు. అమ్ముడుపోని ఆహారాన్ని పెద్ద సూపర్‌మార్కెట్లు పాడుచేసి పారబోయకూడదని 2016లో చట్టమే చేసింది.

ఎక్కడెక్కడ?

మన హోటళ్లలో క్రూటాన్‌ అంటే చిన్న చదరపు ముక్కే. ఫ్రెంచి వంటింట్లో అలా కాదు. ఉల్లిపాయ సూప్‌ మీద కాల్చిన రొట్టె బిళ్ల, దానిపైన కరిగిన ఛీజ్‌ ఉంటాయి. మార్సెయ్‌ చేపల సూప్‌ 'బుయాబేస్‌'లోకి వెల్లుల్లి రుద్దిన రొట్టె ముక్కలు పెడతారు. ఇవన్నీ క్రూతోన్లే. ఇక క్రూటాన్లను ప్రపంచమంతా తిప్పింది సీజర్‌ సలాడ్‌. దాన్ని 1924లో మెక్సికోలోని తిహువానాలో హోటల్‌ నడిపిన ఇటలీ వంటవాడు సీజర్‌ కార్డీని తయారుచేశాడని చెబుతారు. రోమ్‌ చక్రవర్తికీ దానికీ సంబంధం లేదు!

పాత రొట్టెకు మళ్లీ ప్రాణం పోసే ఉపాయం ఒక్క ఫ్రాన్స్‌దే కాదు. లెబనాన్‌లో దాన్ని కరకరలాడించి 'ఫత్తూష్‌' సలాడ్‌లో కలుపుతారు. స్పెయిన్‌లో పొడి చేసి వేయించి 'మీగాస్‌' వండుతారు. అంతెందుకు, మన హైదరాబాదీ డబుల్‌ కా మీఠాకు ఆధారమూ వేయించిన బ్రెడ్డే కదా.

నిన్నటిదే మేలు

క్రూటాన్లకు తాజా బ్రెడ్డు కన్నా నిన్నటిదే బాగుంటుంది. తేమ తగ్గి ఉంటుంది కాబట్టి తొందరగా కరకరలాడుతుంది. బ్రెడ్డు గట్టిపడటానికి తేమ పోవడం ఒక్కటే కారణం కాదు. అందులోని పిండిపదార్థం మళ్లీ బిగుసుకుపోతుంది. ఫ్రిజ్‌ చల్లదనంలో ఇది మరింత వేగంగా జరుగుతుంది. వేడి చేసినప్పుడు వచ్చే ఎర్రటి రంగు, కమ్మటి వాసన వెనకున్న రసాయనచర్యను 1912లో వివరించింది కూడా ఫ్రెంచి శాస్త్రవేత్తే. ఆయన పేరు మయార్‌.

ఇంట్లోనే ఇలా...

రెండు మూడు బ్రెడ్డు స్లైసుల్ని సెంటీమీటరు ముక్కలుగా కోయాలి. రెండు చెంచాల కరిగించిన వెన్న లేదా నూనె, చిటికెడు ఉప్పు, కాస్త మిరియాల పొడి, నలిపిన వెల్లుల్లి పట్టించాలి. పెనం మీద సన్నటి సెగన కదుపుతూ వేయించాలి. ఒవెన్‌ ఉంటే 180 డిగ్రీల దగ్గర 10 నుంచి 15 నిమిషాలు చాలు. పూర్తిగా చల్లారాక గాలి చొరని డబ్బాలో పెడితే కొన్ని రోజులు నిల్వ ఉంటాయి. సూప్‌లో మాత్రం తినబోయే ముందే వేయాలి, లేదంటే మెత్తబడిపోతాయి. బూజు పట్టిన బ్రెడ్డు దేనికీ పనికిరాదు. దాన్ని పారేయాల్సిందే.

ఈసారి ప్యాకెట్‌ అడుగున రెండు స్లైసులు మిగిలితే చెత్తబుట్టకన్నా ముందు పెనం గుర్తొస్తే చాలు. సాయంత్రం సూప్‌ దగ్గర పిల్లల పేచీ ఎలాగూ తప్పదు!